క్యారంబోర్డు మీద గుండెకాయ

బందరులో ఒకప్పుడు సాయంత్రం ఆరయితే ఊరంతా నా చెయ్యి చూసేది. ముఖం కాదు, చెయ్యి ఒక్కటే. మణికట్టు నుంచి వేళ్ల చివరి దాకా. మంగినపూడిలో వలలు బాగుచేసుకునేవాళ్లు కూడా పని ఆపేసి చూసేవాళ్లని నేను అవనిగడ్డ వెళ్లినప్పుడల్లా చెప్పేవాణ్ణి. మా కేబుల్ తీగ మంగినపూడి దాకా వెళ్లలేదన్న సంగతి అవనిగడ్డవాళ్లకి తెలియదు కాబట్టి ఇబ్బంది ఉండేది కాదు. మొవ్వలో మాత్రం కాస్త తగ్గించి చెప్పేవాణ్ణి. అక్కడ మా ఆవిడ తరఫువాళ్లున్నారు. ఇప్పుడు రాసేది మాత్రం జరిగిందే. ఎక్కడైనా ఉప్పు ఎక్కువైందనిపిస్తే, సముద్రం పక్కన పుట్టినవాణ్ణి, సర్దుకోండి.

తొంభైల చివర్లో మాట. నేను ఇంట్లోనే టెన్త్ పిల్లలకి సైన్సు ట్యూషన్ చెప్పేవాణ్ణి. పాఠం సంగతి ఎలా ఉన్నా బొమ్మలు బాగా గీస్తానని పేరు. చాక్‌పీసు ఎత్తకుండా మూత్రపిండం గీసేవాణ్ణి. పువ్వు నిలువుకోత గీస్తే తుమ్మెద వచ్చి బోర్డు మీద వాలిందని చెప్పుకునేవాళ్లు. ఎవరు చెప్పుకునేవాళ్లని అడక్కండి.

మా పెరటి గోడకి అవతల ఒక వదినగారు ఉండేది. చుట్టరికం ఏమీ లేదు, గోడరికమే. అంగన్‌వాడీలో ఆయా. నలభైకి దగ్గర్లో ఉంటుంది వయసు. తొమ్మిదో తరగతిలో చదువు ఆగిపోయింది. ఆ ఏడాది వాళ్ల సెంటర్లో టీచరమ్మ మానేసింది. సూపర్‌వైజరు వచ్చి, టెన్త్ పాసైతే ఆ ఉద్యోగం నీకే, లేకపోతే పక్క వార్డు నుంచి వేరే ఆవిడ వస్తుంది అని చెప్పి వెళ్లిందట. వదినగారు ప్రైవేటుగా టెన్త్‌కి కట్టేసింది. తెలుగూ, లెక్కలూ, సోషలూ ఎలాగోలా గట్టెక్కుతానంది. జీవశాస్త్రం దగ్గరే ఆగిపోయింది.

"వచ్చి మా ట్యూషన్లో కూర్చోండి వదినగారూ, మీ దగ్గర ఏమీ తీసుకోను" అన్నాను గోడ మీంచి.

"బాగానే ఉంది మాస్టారూ. మీ దగ్గర ముందు బెంచీలో కూర్చునే ఆ పొడుగు వెధవాయి లేడూ, వాడికి నేను ఉప్మా తినిపించి ముక్కు తుడిచానండీ. వాడి పక్కన కూర్చుని ఇప్పుడు నేను 'సార్ సార్' అని చెయ్యెత్తనా? 'ఆయమ్మ వచ్చింది, ఆయమ్మ వచ్చింది' అని పకపకలాడతారు. నా వల్ల కాదు."

"పోనీ పుస్తకం చూసి చదువుకోండి."

"పుస్తకం సంగతి చెప్పకండి. పాతది కొన్నాను. ముఖ్యమైన బొమ్మలున్న కాగితాలన్నీ ముందటివాడు చిట్టీల కోసం కత్తిరించుకుపోయాడు. గుండె ఉండాల్సిన చోట నలుచదరంగా కన్నం ఉందండీ."

గుండె ప్రతి ఏడూ వచ్చే ప్రశ్న. గీసి భాగాలు గుర్తిస్తే సగం గట్టెక్కినట్టే. ఆవిడ గొంతులో నవ్వుంది గానీ కళ్లలో లేదు.

ఆ వారంలోనే మా వీధి చివరి కేబుల్ ఆయన నా బుట్టలో పడ్డాడు. ఆయనకీ నాకూ చుట్టరికం లేదు గానీ బావా అంటే బావా అనుకునేవాళ్లం. ఊళ్లో సగానికి కేబుల్ ఆయనదే, పెళ్లి వీడియోలూ ఆయనవే. సొంతంగా ఒక చానెల్ కూడా ఉండేది. అందులో పాత సినిమాలూ, పుట్టినరోజు శుభాకాంక్షలూ, తప్పిపోయిన గేదెల వివరాలూ వచ్చేవి. గేదెలు సరిగ్గా దొరకడం లేదని జనం విసుక్కుంటున్నారు.

"బావా, ఏదైనా పనికొచ్చేది వెయ్యాలయ్యా మన చానెల్లో" అన్నాడు.

"నేను బొమ్మ గీస్తాను, నువ్వు చూపించు. లైవు. ఊళ్లో పిల్లలంతా ఇంట్లో కూర్చుని నాతోపాటు గీసుకుంటారు."

"లైవా?" అన్నాడు. ఆ మాట ఆయనకి చంద్రమండలంలా వినపడింది. "ఇక్కణ్ణించే? మీ ఇంట్లోంచే?"

"మా ముందు గదిలోంచే" అన్నాను. ముందు గదికి యజమానురాలైన మా ఆవిడతో అప్పటికి చెప్పలేదు.

అక్కణ్ణించి మా ఇంట్లో స్టూడియో నిర్మాణం మొదలైంది. హైదరాబాదులో పెద్దపెద్దవాళ్లు ఇలాంటి గది కట్టడానికి ఆరు నెలలు పడుతుందట. మాకు ఒక ఆదివారం చాలింది. ఆ తర్వాత మూడు వారాలు దాన్ని బాగుచెయ్యడానికి పట్టింది.

ముందు బల్ల. మా బల్లలన్నీ గతుకులు. రెండు స్టూళ్ల మీద క్యారంబోర్డు పెట్టాను. అంత నున్నటి చదును బందరు మొత్తంలో ఇంకెక్కడా లేదు. పైగా నాలుగు మూలలా నాలుగు సంచులు: ఎర్ర స్కెచ్‌పెన్ను ఒకదాంట్లో, నీలం ఒకదాంట్లో, నలుపు ఒకదాంట్లో, నాలుగోదాంట్లో పెన్సిలూ రబ్బరూ. ఎవరో ఇంజనీరు నా కోసమే చేశాడా అన్నట్టు కుదిరింది.

తర్వాత కాగితం. తెల్ల చార్టు ట్యూబ్‌లైటు కింద తళతళ మెరిసి, బొమ్మ బదులు లైటే కనపడింది. చివరికి పాత క్యాలెండర్ల వెనకవైపు పనికొచ్చింది. గీతకి ఆ గరుకే కావాలి. అందువల్ల నేను కంటి నిర్మాణం గీసిన కాగితానికి అవతలవైపు ఎప్పుడూ ఒక దేవుడు ఉండేవాడు. అది కలిసొస్తుందనే అనుకున్నాను.

ఇక దిక్కు. చదువు చెప్పేవాడు తూర్పు ముఖంగా కూర్చోవాలని మా ఆవిడ పట్టుబట్టింది. "మీరెటు కూర్చుంటే నాకేం గానీ, ఆ వదినగారి ఉద్యోగం మీ పాఠం మీద ఉంది. తూర్పుకే తిరగండి." తూర్పుకి తిరిగితే వెనక పడమటి గుమ్మం. సాయంత్రం ఎండ సరాసరి నా వీపు మీద పడి, నా తలకాయ నీడ కాగితం మీద గుమ్మడికాయలా పడింది. గుమ్మానికి దుప్పటి కట్టాం. దుప్పటి కట్టాక గాలి ఆడదు. ఫ్యాను వేస్తే కాగితం ఎగురుతుంది. కాగితం మూలల మీదా మధ్యలోనూ క్యారమ్స్ బిళ్లలు పెట్టాను. మధ్యలో ఎర్ర బిళ్ల ఎందుకుందని ఒకాయన మర్నాడు అడిగాడు. గ్రాహక కణం అని చెప్పాను.

అన్నిటికన్నా పెద్ద గొడవ కెమెరా. అది పెళ్లిళ్ల కెమెరా, భుజాన మోసుకు తిరిగేది, పసిపిల్లాడంత బరువు. కాగితానికి సరిగ్గా పైన వేలాడదీయాలన్నాను. మా కేబుల్ బావ రెండు చేతులతో దాన్ని గుండెలకి హత్తుకున్నాడు.

"వేలాడదీస్తావా! పడితే? ఎదర పెళ్లిళ్ల సీజను బావా. ఇది పడిందంటే బందరులో ఈ ఏడు పెళ్లిళ్లు జరిగినట్టు సాక్ష్యం ఉండదు."

కెమెరా నేలనున్న కాళ్ల మీదే నిలబడాలని ఆయన షరతు. కాగితం పైనుంచి కనపడాలని నా షరతు. రెండూ కుదరాలంటే మధ్యలో ఒక అద్దం కావాలి. ఇంట్లో నిలువెత్తు అద్దం ఒక్కటే, మా ఆవిడ డ్రెస్సింగ్ టేబులుది. విప్పదీసి, కాగితానికి పైన ఏటవాలుగా, కిటికీ ఊచలకీ దండేనికీ కట్టాం. నాకు ఎదురుగా కిటికీ దగ్గర కెమెరా నిలబడింది. అది అద్దంలోకి చూస్తుంది, అద్దం కాగితాన్ని చూస్తుంది. మా బావ నా వీపు చరిచాడు. ఇలాంటి బుర్ర గుడివాడ అవతల ఎక్కడా లేదన్నాడు. గుడివాడలో ఉందని ఎందుకు అనుమానమొచ్చిందో నాకు తెలియదు.

మా ఆవిడకి మాత్రం ఆ మూడు వారాలూ అద్దం లేదు. స్టీలు పళ్లెంలో చూసుకుని తల దువ్వుకునేది. బొట్టు ఒకరోజు ఎడమ కనుబొమ్మ మీదికి, ఒకరోజు కుడి కనుబొమ్మ మీదికి జరిగేది. "ఎందుకొచ్చిన విద్యాదానం అండీ ఇది" అని వీధిలోకి వెళ్లేటప్పుడల్లా అనేది.

ఒక్క సంగతి ముందే చెప్పాలి. నా పాఠం నేను ఎప్పుడూ చూసుకోలేదు. మా ఇంటికొచ్చే కేబుల్ తీగనే బావ తిరగేసి, బొమ్మని ఇక్కణ్ణించి ఆయన ఇంటికి పంపడానికి వాడుకున్నాడు. అందుచేత ఊరంతా టీవీ వచ్చేది, నాకు తప్ప.

మొదటిరోజు కణం గీశాను. రెండోరోజు పువ్వు. పెళ్లిమండపం మైకు ఒకటి నా ముందు పెట్టారు. దాంట్లో నా గొంతుతోపాటు మా వంటింట్లో కుక్కరు కూడా వినపడేది. మూడో విజిలు రాగానే ఊళ్లో ఆడవాళ్లంతా వాళ్ల స్టవ్వులు ఆపేశారనీ, ఆ రోజు సగం బందరు పలుకు అన్నం తిన్నదనీ నేను అవనిగడ్డలో చెప్పాను. నిజానికి ఒక్క ఇంట్లోనే అలా జరిగింది. అది వదినగారిల్లు.

మర్నాడు గోడ దగ్గర అడిగాను. "ఎలా ఉంది వదినగారూ పాఠం?"

"బ్రహ్మాండంగా ఉందండీ" అంది. గోడ మీద ఎండుటాకు తోసేసి, "మా టీవీయే కాస్త తిక్కది" అంది.

"ఏం చేస్తోంది?"

"ఏం లేదులెండి. పాతది కదా. నేను సర్దుకుంటున్నాను."

ట్యూషన్ పిల్లల్ని అడిగాను. సూపర్ మాస్టారూ అన్నారు. వాళ్ల నాన్నలు రోడ్డు మీద కనపడి నమస్కారాలు పెట్టారు. ఒకాయన మాత్రం, "మీ అక్షరాలు కొత్త తరహాగా ఉన్నాయండి" అన్నాడు. "రాసీ రాసీ అలవాటైందండీ" అన్నాను వినయంగా. మా వైపు మర్యాద అలాంటిది. ఎదుటివాడి ఇంట్లో కాఫీలో ఉప్పు పడినా, మాకు ఈ మధ్య నోరు బాగుండడం లేదండీ అని తాగేస్తారు.

మూడు వారాలు అలా గడిచాయి. కన్ను అయింది, మూత్రపిండం అయింది, ఆకు అడ్డుకోత అయింది. గుండె మాత్రం చివరికి, పరీక్షకి ముందు సాయంత్రానికి అట్టేపెట్టాను. వేడివేడిగా గీసి పంపిస్తే మర్నాడు పేపరు మీద అలాగే దిగుతుందని నా ఆలోచన.

ఆ రోజు పొద్దున గడ్డం గీయించుకోవడానికి వెళ్లాను. మా మంగలి షాపులో గోడకి టీవీ ఉంది. అందులో నిన్నటి నా పాఠం మళ్లీ వేస్తున్నారు. కుర్చీలో కూర్చుని ఎదురుగా అద్దంలో చూసుకున్నాను. ఒకపక్క సబ్బు నురగతో నా ముఖం, దాని వెనక టీవీలో నా చెయ్యి. 'పత్రరంధ్రం' అని ముత్యాల్లా రాస్తోంది. ఒళ్లు పులకరించింది.

"మీ పాఠం మా షాపులోనే బాగా కనపడుద్దని పిల్లలంతా సాయంత్రం ఇక్కడికే వచ్చేత్తన్నారండీ" అన్నాడు మంగలాయన.

"టీవీ కొత్తదా?"

"టీవీది ఏవుందండీ. అద్దాలు పెద్దయ్యి కదండీ మా షాపులో" అన్నాడు. ఆయన మర్యాద చూడండి, అంతకు మించి ఒక్క ముక్క అనలేదు. నేను దాన్ని షాపు వైభవం కింద లెక్కేసుకున్నాను.

గడ్డం అయ్యాక తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ వెనక్కి తిరిగాను. అప్పుడు టీవీని తిన్నగా చూశాను.

'పత్రరంధ్రం' తిరగబడి ఉంది. అక్షరాలన్నీ వెనక్కి నడుస్తున్నాయి. గీస్తున్నది ఎడం చెయ్యి. మళ్లీ అద్దంలోకి చూశాను, సరిగ్గా ఉంది. టీవీ చూశాను, తిరగబడి ఉంది. మూడు వారాలపాటు మా ఆవిడ అద్దం నా పాఠాన్ని కుడిది ఎడమ చేసి ఊరంతా పంచింది. పువ్వుకీ కంటికీ ఫరవాలేదు, అటూ ఇటూ ఒకటే. కానీ ఆ సాయంత్రం గీయాల్సింది గుండె. దాని ఎడమ ఎడమే, కుడి కుడే. మహాధమని తప్పు గదిలోంచి బయల్దేరితే వదినగారి ఉద్యోగం పక్క వార్డుకి వెళ్లిపోతుంది.

చెప్పులు వేసుకోకుండానే కేబుల్ బావ ఇంటికి వెళ్లాను.

"నీకు తెలీదా? రోజూ చూస్తున్నావు కదయ్యా!"

"తెలుసు బావా" అన్నాడు నిమ్మళంగా. "అదేదో కొత్త పద్ధతేమో, పిల్లల బుర్ర పదునెక్కాలని అలా రాస్తున్నావేమో అనుకున్నాను. నీకు తెలియకుండా ఉంటుందా అని."

మధ్యాహ్నం ఫ్యాను విప్పదీశాం. ఆ కొక్కేనికి మా పిల్లల ఉయ్యాల గొలుసులు నాలుగూ వేలాడదీసి, వాటికి పీట కట్టి, పీట కింద కెమెరాని బోర్లా బిగించాం. పెళ్లిలో కూడా అన్ని ముడులు వేయరు. మా బావ కొబ్బరికాయ కొట్టి, క్యారంబోర్డు పక్కన కింద నా పరుపు పరిచి, పరుపు పక్కన తను కూర్చున్నాడు, పడితే పట్టుకోవడానికి.

"దగ్గినా తుమ్మినా నీదే పూచీ" అన్నాడు.

అద్దం తిరిగి డ్రెస్సింగ్ టేబులుకి చేరింది. మా ఆవిడ దాని ముందు అరగంట కూర్చుని, వీధిలోకి వెళ్లి, పనేమీ లేకపోయినా వదినగారింటికి కూడా వెళ్లి పలకరించి వచ్చింది.

ఇక్కడ నేను చేసిన ఘనకార్యం ఒకటుంది. ఇన్నాళ్లూ తిరగేసి చెప్పాను, ఇవాళ్టి నుంచి సరిచేశాను అని మైకులో ఒక్క మాట అంటే సరిపోయేది. నోరు రాలేదు. మూడు వారాలు ఊరి చేత నమస్కారాలు పెట్టించుకున్నవాణ్ణి. మా బావ తప్ప ఎవరూ గమనించలేదు కదా, చప్పుడు కాకుండా సరిచేసేస్తే పోతుంది అనుకున్నాను.

ఆరయింది. ఫ్యాను లేదు, దుప్పటి ఉంది, ఏప్రిల్ నెల. నా ముక్కు చివర్నించి చెమట బొట్టు పడబోతుంటే పరుపు పక్కనుంచి బావ తువ్వాలు అందించాడు. ఆ సాయంత్రం గీసిన గుండె నా జన్మలో గీసినవాటిలోకెల్లా గొప్పది. రెండు కర్ణికలు, రెండు జఠరికలు, మధ్య గోడ, కవాటాలు సన్నగా గొడుగు బట్టలా. మహాధమని ఒంపు తిరిగి పైకి వెళ్తుంటే బావ పరుపు పక్కనుంచి మెడ చాచి చూసి, "కొట్టుకుంటోంది బావా" అన్నాడు. మంచి రక్తం ఎరుపు, చెడు రక్తం నీలం. ఇక పేర్లు రాద్దామని మూల సంచిలోంచి నల్ల పెన్ను తీశాను.

కరెంటు పోయింది.

గంట చూశాం. రెండు గంటలు చూశాం. వస్తే గదా. బొమ్మ చూశారు, చాల్లే, పేర్లు ఎలాగూ నోటికొచ్చు అని సరిపెట్టుకున్నాను. బావ చీకట్లోనే తడుముకుంటూ కెమెరా విప్పుకుని, చంకనెత్తుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పరీక్ష జరిగే స్కూలు గేటు దగ్గర నేనే ముందు నిలబడ్డాను. గంట కొట్టగానే పిల్లలు పొలోమని బయటికొచ్చారు. పొడుగువాడు అందరికన్నా ముందు.

"గుండె వచ్చింది మాస్టారూ! మీరు గీసినట్టే దింపేశాం!"

"ఏదీ, ప్రశ్నాపత్రం వెనక గీసి చూపించు."

నిలబడే గీశాడు. చక్కగా గీశాడు. అంతా ఉంది. కుడి ఉండాల్సినచోట ఎడమ, ఎడమ ఉండాల్సినచోట కుడి.

"ఇలా ఎందుకు గీశావురా? నిన్న టీవీలో చూడలేదా?"

"చూశాం కదండీ. అద్దంలో."

"అద్దంలో ఏమిటి?"

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పొడుగువాడే చెప్పాడు. "మొదటిరోజు నుంచీ అక్షరాలు తిరగబడి వస్తన్నాయి కదండీ. అందుకని టీవీకి వీపు పెట్టి కూర్చుని, ముందు అద్దం పెట్టుకుని అందులో చూస్తన్నామండీ. మా వీధంతా అంతే. అద్దం లేనోళ్లు మంగలి షాపుకెళ్తన్నారు."

"మరి నాతో చెప్పరేంరా?"

"మీరు బాధపడతారని మా నాన్న వద్దన్నాడండీ."

గేటు ఊచ పట్టుకున్నాను. నేను బాధపడతానని ఊరంతా అద్దం కొనుక్కుంది. ఊరు నవ్వుతుందని నేను చప్పుడు కాకుండా అద్దం తీసేశాను. ఇద్దరి మర్యాదల మధ్యా గుండె కుడివైపుకి వెళ్లింది. వదినగారు కూడా అద్దంలోనే చూసుంటుంది. 'మా టీవీయే తిక్కది' అన్న మాటకి అర్థం అప్పుడు తెలిసింది. ఆవిడ పుస్తకంలో సరిచూసుకుందామన్నా నలుచదరం కన్నమే ఉంది.

హాల్లోంచి అందరూ వచ్చేశారు, ఆవిడ రాలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. చివర్న, పరీక్ష అట్ట నెత్తికి అడ్డం పెట్టుకుని మెల్లగా వచ్చింది. వేళ్లకి ఎరుపూ నీలమూ అంటుకుని ఉన్నాయి.

"వదినగారూ" అన్నాను.

"గుండె వచ్చిందండీ."

"ఎలా గీశారు?"

"మొదట మీరు నిన్న గీసినట్టే గీశాను. తర్వాత రబ్బరు పెట్టి మొత్తం తుడిచేశాను." అట్టతో విసురుకుంది. "మళ్లీ రెండో వైపుకి గీశాను. అందుకే ఆలస్యమైంది. ఇన్విజిలేటరు కాగితం లాక్కుంటుంటే చివరి రెండు పేర్లు గాల్లో రాసినట్టు రాశాను."

"రెండో వైపుకి ఎందుకు గీశారు?"

ఆవిడ నా వైపు చూసింది, సెంటర్లో ఉప్మా దాచుకున్న పిల్లాణ్ణి చూసినట్టు.

"మూడు వారాల నుంచీ అద్దంలో మీరు కుడిచేత్తో గీస్తున్నారు మాస్టారూ. నిన్న ఎడంచేత్తో గీశారు. ఎడంచేత్తో మీరు టీ గ్లాసు కూడా తిన్నగా పట్టుకోలేరు, గోడ మీంచి ఎన్నిసార్లు చూడలేదూ. అలాంటి మనిషి పరీక్ష ముందురోజు ఎడంచేత్తో గుండె గీస్తాడా అని ఒక అనుమానం."

"దానికే తుడిచేశారా?"

"దానికే తుడుస్తానా, ఉద్యోగం దాని మీదుంటే! మీ ఆవిడ నిన్న సాయంత్రం మా ఇంటికొచ్చింది. మూడు వారాల నుంచీ కనుబొమ్మల మీద తిరుగుతున్న బొట్టు సరిగ్గా మధ్యన ఉంది. హాల్లో కూర్చున్నాక అది గుర్తొచ్చింది. అద్దం ఇంటికొచ్చిందంటే మీ బల్ల మీద లేదు. బల్ల మీద లేకపోతే టీవీలో సరిగ్గా వచ్చింది. సరిగ్గా వచ్చినదాన్ని నేను అద్దంలో చూసి తిప్పేసుకున్నాను. అంతేనాండీ?"

అంతేనని తల ఊపాను.

"అమ్మయ్య" అని గేటు దగ్గర అరుగు మీద కూలబడింది. "ముందే చెప్పుంటే మాస్టారూ, రబ్బరు అరిగేది కాదు."

"మీరు చెప్పుంటే నేను ఫ్యాను ముందే తీసేవాణ్ణి."

"మీరు బాధపడతారని" అంది.

ఫలితాలొచ్చాయి. వదినగారు పాసైంది. సైన్సులో బొటాబొటీగా పాసైంది గానీ, మార్కుల కాగితం పట్టుకుని మా గోడ దగ్గర నిలబడ్డప్పుడు బొటాబొటీ మొహం కాదు అది. మా ట్యూషన్ పిల్లలు కూడా చాలామంది పాసయ్యారు. దిద్దేవాళ్లకి బొమ్మ ఉందా లేదా అన్నదే ముఖ్యం కాబోలు. గుడివాడలో టీ కొట్టు దగ్గర ఒకాయన మాత్రం చెప్పాడు, పేపర్లు దిద్దిన వేరే జిల్లా మాస్టారొకాయన కట్ట తర్వాత కట్ట చూసి చూసి, "బందరువాళ్లకి గుండె కుడివైపు ఉంటుందటయ్యా, నీళ్ల ప్రభావం కాబోలు" అన్నాడని. ఇది నేను కల్పించింది కాదు. కల్పించినవి వేరే ఉన్నాయి, అవి అవనిగడ్డలో చెబుతాను.

మా బావ చానెల్ మళ్లీ గేదెల దగ్గరికి వెళ్లిపోయింది. క్యారంబోర్డు మీద ఎర్ర సిరా మరకలు మిగిలాయి. ఆ తర్వాత ఎప్పుడు ఆడినా స్ట్రయికరు ఎడమ జఠరిక దగ్గరికి రాగానే కాస్త వంకర తిరిగేది.

బడులు తెరిచిన వారం వదినగారు టీచరమ్మ హోదాలో సెంటరుకి పిలిచింది. గోడకి నల్లరంగు కొత్తగా వేయించింది. పిల్లలు చాపల మీద వరసగా కూర్చున్నారు.

"వీళ్ల కోసం ఒక బొమ్మ గీసి పెట్టండి మాస్టారూ. చేపో, మామిడిపండో."

చాక్‌పీసు తీసుకున్నాను. ఆవిడ వెంటనే గీయనీయలేదు. పిల్లల వెనక్కి వెళ్లి నిలబడి, నడుము మీద చెయ్యి పెట్టుకుని, "ఏదీ, ఏ చెయ్యో ముందు చూపించండి" అంది.

కుడి చెయ్యి పైకెత్తి చూపించాను.

"ఆ, ఇప్పుడు గీయండి" అంది టీచరమ్మ.